దెబ్బల బంతి అనసూయమ్మ

తిరుమలగిరి బజారులో పిండి గిర్ని నడిపే అనసూయమ్మకు నలభై దాటాక ఆటల పిచ్చి పట్టింది. జొన్నల మూటను అవలీలగా ఎత్తి గిర్ని తొట్టిలో గుమ్మరించే మనిషి, జుట్టు నిండా పిండితో, కుచ్చిళ్ళు ఎగదోపుకొని బంతి వెనక ఉరుకుతుంటే ఎవరికి నవ్వు రాదు? మొగుడు సదాశివ కూడా మొదట్లో నవ్వాడు. నవ్విన పూట అన్నంలో కూర పడేది కాదు కాబట్టి తర్వాత మానుకున్నాడు.

ఇదంతా డోరా పుణ్యం. డోరా రైల్వే క్వార్టర్లలో ఉండే ఆంగ్లో ఇండియన్ పిల్ల, సికింద్రాబాద్‌లో ఒక బడిలో డ్రిల్లు టీచరు. సికింద్రాబాద్, లాలాగూడ, బొల్లారం, తిరుమలగిరి ఆడవాళ్ళను జట్లుగా పోగుచేసి, ఆదివారం సాయంత్రాలు బడి ప్రహరీ లోపల ఆడించేది. మధ్యలో సున్నపు గీత, అటో జట్టు, ఇటో జట్టు. బంతి విసిరి అవతలివాళ్ళను కొట్టాలి. దెబ్బ తగిలినామె బయటికి పోవాలి. చివరికి ఎవరివైపు మనిషి మిగిలితే గెలుపు వాళ్ళది. డోరా డాడ్జ్‌బాల్ అనేది. మనవాళ్ళకు నోరు తిరక్క దెబ్బల బంతి అన్నారు.

తిరుమలగిరి జట్టు ఒక్క ఆటా గెలిచిన పాపాన పోలేదు. బలం లేక కాదు, మర్యాద ఎక్కువై. పొరపాటున కాలు తగిలితేనే వంగి తాకి కళ్ళకద్దుకునే ఆడవాళ్ళు, బంతి పెట్టి కొట్టాక ఊరుకుంటారా? అవతల పెద్దావిడకు దెబ్బ తగిలితే చాలు, అనసూయమ్మ గీత దాకా ఉరికి, "తప్పయింది వదినా, జెర గట్టిగ తగిలిందా?" అంటూ ఆమె భుజం తాకి చెయ్యి కళ్ళకద్దుకునేది. అంతలో ఇంకెవరో అదే బంతి అందుకొని ఈమె వీపు మోగించేవాళ్ళు.

"దండాలు ఆట అయినంక పెట్టు, అనసూయమ్మా," అని డోరా తల పట్టుకునేది.

"నేనేం జేతు తల్లీ, చెయ్యి దానంతట అదే పోతది," అనేది అనసూయమ్మ. అబద్ధం కాదు, నిజంగా పోయేది.

ఆ జట్టులో బంతికి సులభంగా చిక్కనిది షంషున్నీసా ఒక్కతే. గిర్ని పక్కన దర్జీ దుకాణం పెట్టుకున్న ఇమాం వలి భార్య. బుర్ఖా తీసి బడి గోడ మేకుకు తగిలించిందంటే ఇక ఆమెను పట్టడం ఎవరి తరమూ కాదు.

పందొమ్మిదొందల నలభై ఎనిమిదిలో నిజాం రాజ్యంలో గొడవలు ముదిరి ఆట ఆగిపోయింది. సెప్టెంబరులో పోలీసు యాక్షన్ జరిగింది. బొల్లారం రోడ్డు మీద మిలిటరీ లారీలు పోతుంటే కొందరు పూలు చల్లారు, కొందరు తలుపులు వేసుకున్నారు. నెల తిరక్కుండా షంషున్నీసాకు కబురొచ్చింది. బీదర్ అవతల పల్లెలో ఉన్న తమ్ముడు ఫకీర్‌ను ముసల్మానుల మీద పడ్డ గుంపులు చంపేశాయని. పాత గొడుగులు బాగుచేసుకు బతికేవాడు, ఎవరి జోలికీ పోనివాడు. అనసూయమ్మ వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది.

మరుసటి ఏడు డోరా మళ్ళీ ఆట మొదలుపెట్టింది. షంషున్నీసాను అనసూయమ్మే ఇంటికి పోయి బతిమాలి తీసుకొచ్చింది. గిర్ని వెనక జాగాలో తమలో తాము కొన్నాళ్ళు ఆడుకున్నాక బొల్లారం వాళ్ళతో ఆట. తిరుమలగిరి వాళ్ళు ఎప్పటిలాగే ఒక్కొక్కరే బయటికొచ్చేశారు, షంషున్నీసా ఒక్కతే మిగిలింది. తమ్ముడి సంగతి తెలిసిన బొల్లారం వాళ్ళు బంతిని ఆమె కాళ్ళ పక్కకు పసిపిల్లకు దొర్లించినట్టు దొర్లించారు. ఆమె విసిరితే ఎదురెళ్ళి మరీ దెబ్బ తిన్నారు. ఆఖరికి వాళ్ళ పెద్ద విజయమ్మ బంతి కింద పెట్టి, "మీరే గెలిచిన్రు, పోండ్రి," అంది.

తిరుమలగిరికి అది మొదటి గెలుపు. అందరూ చప్పట్లు కొట్టారు. షంషున్నీసా మాత్రం బుర్ఖా తొడుక్కొని వెళ్ళిపోయింది. మళ్ళీ ఆదివారం రాలేదు.

అనసూయమ్మ ఆమె ఇంటికి పోయింది. "ఏందే షంషూ, గెలిపిచ్చి ఇంట్ల గూసున్నవ్?"

"నేనేడ గెలిపిచ్చిన అక్కా? వాళ్ళు నన్ను కొట్టలే. మీరు సుత కొడ్తలేరు. మనం మనం ఆడుకునేటప్పుడు బంతి నన్ను తప్పిచ్చి పక్కకు ఏస్తున్నరు. నాకు తెలుస్తలేదా? సావింటికి వచ్చినట్టు వస్తరు నా దగ్గరకి. నా తమ్ముడు పోయిండు. నాకు మీరు సుత లేకుంట పోయిన్రు. ఇగ నేను రాను."

పక్కకు వేసినవాళ్ళలో అనసూయమ్మ కూడా ఉంది. దయ అనుకునే వేసింది. ఇంత బాధపెడుతుందని ఆమెకు తట్టనే లేదు. "రేపు సాయంత్రం ఒక్కపారి గిర్ని ఎనక జాగకు రా. అటెన్క నీ ఇష్టం," అని లేచింది.

షంషున్నీసా వచ్చింది, మాట కాదనలేక. గిర్ని వెనక గీత గీసి, ఉన్నవాళ్ళు రెండు జట్లయ్యారు. బంతి అనసూయమ్మ చేతికొచ్చింది. మూటలెత్తిన ఆ చేతిలో ఉన్న బలమంతా పెట్టి విసిరింది. బంతి షంషున్నీసా డొక్కలో తగిలి ఆమె కూలబడింది.

"నీ చెయ్యిరగ, గంత గట్టిగనా?" అంది జట్టులో ఉన్న పుష్పమ్మ.

అనసూయమ్మ అప్పటికే గీత దగ్గరికి ఉరికింది. చెయ్యి ముందుకు చాచింది. చాచిన చేతిని రెండో చేత్తో పట్టుకొని వెనక్కి లాక్కుంది. ఆ పూట ఆమెకు ఎంత కష్టమైందో సదాశివకు తర్వాత చెప్పుకొని ఏడ్చింది. అప్పుడు మాత్రం కళ్ళు తుడుచుకోకుండా, "దెబ్బ తగిలింది గద, బయటికి నడువు," అంది.

షంషున్నీసా డొక్క పట్టుకొని ఆమె ముఖంలోకి చూసింది. లేచి దుమ్ము దులుపుకొని, బయట కూర్చునేవాళ్ళ వరసలోకి పోయి కూర్చుంది. రెండో ఆటలో అందరికంటే ముందు అనసూయమ్మనే కొట్టింది, అదీ మూతి మీద. అనసూయమ్మ పెదవి వాచింది. ఆ వాచిన పెదవితోనే నవ్వింది.

ఆ రోజుల్లో పాపం అన్నవాళ్ళు ఊరినిండా ఉన్నారు, వాళ్ళను తప్పుపట్టను. కానీ అనసూయమ్మ చేసిన పని చేయగల గుండె నాకైతే లేదు.

ఆ ఆదివారం లాలాగూడ వాళ్ళతో ఆట. మొదలుకాకముందే అనసూయమ్మ అవతలికి పోయి, "మా షంషూను కొట్టకుంటే మేం ఆడం," అని చెప్పొచ్చింది. వాళ్ళు కొట్టారు. తిరుమలగిరి చిత్తుగా ఓడింది. ఇంటికి నడుస్తుంటే షంషున్నీసా కుంటుతూ పక్కకొచ్చింది.

"మళ్ళ ఐతారం ఎవలతోని అక్కా?"

"బొల్లారమోళ్ళతోని."

"ఆ విజయమ్మను నాకిడిసిపెట్టు," అంది షంషున్నీసా.