మంచి వలకు కత్తి

పిచ్చమ్మ కంటబడ్డ వలకు చిరుగు మిగలదు. మైపాడులో ఎవరినడిగినా ఆ మాటే చెబుతారు. పెళ్ళి భోజనానికి వెళ్ళినా, పక్కింటి గోడమీద చిరిగిన వల కనబడితే విస్తరి ముందునుంచి లేచిపోయే రకం. నోరూ అంతే, ఊరుకోదు.

అలాంటి మనిషికి వల అల్లే పని అప్పగించింది ఏంజెలిన్. నెల్లూరులో మిషన్లతో బొమ్మలు చేసే పిల్ల. టెలిస్కోపు కొలిచిన చుక్కల వెలుగును బట్టి ఒక రోబో చెయ్యి ఈ వలను లాగుతూ వదులుతూ ఉంటుందట. చుక్కలు లేనిచోట పెద్ద కంతలు వదిలి అల్లించింది. రోబో కొక్కెం దూరేది వాటిలోంచే.

తీరా హైదరాబాదు ప్రదర్శనకు తీసుకెళ్ళే వ్యాను వచ్చాక చూస్తే, ఒక్క కంతా లేదు! అన్నీ అల్లేసి ఉన్నాయి.

"ఏందక్కా ఇది?" ఏంజెలిన్‌కు ఏడుపొక్కటే తక్కువ.

"కంతల వల పంపిస్తే నలుగురూ నవ్వరా? నిన్న చెయ్యి ఊరుకోలా."

"కోసెయ్యక్కా, తొందరగా!"

పిచ్చమ్మ కత్తి తీసింది. తీసి, సముద్రం వైపు చూసి ఆగిపోయింది. కొడుకు సుధాకర్ వేటకు వెళ్ళాడు. పడవలన్నీ వచ్చేశాయి, వాడిది తప్ప. మనిషి నీళ్ళమీదుండగా మంచి వలకు కత్తి పెట్టడం, పెట్టనివ్వడం ఆ ఇంట్లో లేదు.

"వాడొచ్చిందాకా నా వల్ల కాదు పాపా."

డ్రైవరు హారను కొట్టాడు. ఇప్పుడు కదలకపోతే ప్రదర్శనలో చోటు ఇంకొకరికి పోతుంది. అడకత్తెరలో పోకచెక్క అయింది పిచ్చమ్మ ప్రాణం. తప్పు తనదే మరి! గాలి పెరుగుతోంది. మళ్ళీ హారను. కళ్ళు గట్టిగా మూసుకుని వలమీద కత్తి ఆనించింది.

"వద్దక్కా!" ఏంజెలిన్ ఆమె చెయ్యి పట్టుకుంది. డ్రైవరు వైపు తిరిగి, "నువ్వు పోవయ్యా," అంది.

వలనీ, పక్కనే పెట్టెలో ఉన్న రోబో చేతినీ వదిలేసి వ్యాను వెళ్ళిపోయింది. ఇద్దరూ ఇసుకలో కూర్చున్నారు.

పొద్దు వాలుతుండగా పడవ కనబడింది. ఇంజను చెడిపోయి తెడ్లు వేసుకుంటూ వస్తున్నారు. సుధాకర్ దిగీ దిగకముందే పిచ్చమ్మ వాడి వీపుమీద రెండు చరిచి, "యాడ చచ్చినావురా ఇంతసేపూ!" అని భోరుమంది.

తర్వాత కళ్ళు తుడుచుకుని, వల ముందు చతికిలబడి కోయడం మొదలుపెట్టింది.

"ఇంకెందుకక్కా? వ్యాను పోయిందిగా," అంది ఏంజెలిన్.

"ఆ మిషను చెయ్యి తగిలించు పాపా. టౌనోళ్ళు చూడకపోతే పాయె. నా కొడుకు చూస్తాడు."