క్రిస్మస్ సెలవులు, అవ్వ కాంటా

కిందటి నెలలో ఒక గురువారం పొద్దున మా అవ్వ చనిపోయింది. ఎనభై దాటి ఉంటుంది. ఎంత దాటిందో ఆమెకే తెలియదు. చాయ్ తాగి, చక్కెర తక్కువైందని మా అమ్మను తిట్టడం మొదలుపెట్టి, ఆ తిట్టు సగంలో ఉండగా పోయింది. మిగతా సగం ఏమై ఉంటుందా అని మా అమ్మ ఇప్పటికీ ఆలోచిస్తోంది.

ఇక క్షమాపణలు. ఇలాంటిది రాసే యోగ్యత నాకు లేదని సభాముఖంగా ఒప్పుకుంటున్నాను. స్మృతి వ్యాసం రాయాలంటే పోయినవారు కరుణామూర్తులై ఉండాలి. మా అవ్వ కాలేదు, అందుకు పాఠకులు నన్ను మన్నించాలి. రాసేవాడి కళ్లు చెమ్మగిల్లాలి. నావి ఇంకా ఆ పని మొదలుపెట్టలేదు, అందుకూ మన్నించాలి. పాడె వెనక నడుస్తూ ఒకసారి నవ్వినందుకు, దినాల భోజనంలో గారెలు రెండోసారి అడిగినందుకు, ఈ వ్యాసంలో మా మామయ్యను నొప్పించబోతున్నందుకు, ఒకవేళ చాలినంత నొప్పించలేకపోతే అందుకు కూడా, రెండు చేతులూ జోడించి క్షమాపణ వేడుకుంటున్నాను.

మా ఇల్లు శామీర్‌పేటకూ లాల్‌గడి మలక్‌పేట్‌కూ నడుమ, ద్రాక్షతోట పక్కన. తొంభైలలో ఆ దారిలో ఎటు చూసినా ద్రాక్ష పందిళ్లే. ఇప్పుడు ఎటు చూసినా ప్లాట్ల హద్దురాళ్లే. మా బాపు కూడా పందిరి పీకించి రాళ్లు పాతించాడు. అది వేరే సంతాపం.

అవ్వకు ఒక కొడుకు, ఒక బిడ్డ. కొడుకు మా బాపు. బిడ్డ మా మేనత్త; ఆమె కాపురం సికింద్రాబాద్‌లో. ఆమెకు ఇద్దరు పిల్లలు, పింకీ, చింటు. ఇద్దరిదీ కాన్వెంటు బడి. దసరాకు వాళ్ల సెలవులు అంతంతే గాని, క్రిస్మస్‌కు మాత్రం పది రోజులు ఉండేవి. నేను చదివే సర్కారు బడికి క్రిస్మస్ అంటే ఒక్కరోజు. అంటే ఆ పది రోజులూ మా ఇంట్లో వాళ్లు చుట్టాలు, నేను బడికి పోయి వచ్చి పనులు చేసేవాణ్ణి.

యేసుప్రభువుతో మా ఇంటికి ఇంతకు మించి సంబంధం లేదు. కాని అవ్వ ఆ ఉపకారాన్ని మరిచిపోయేది కాదు. "గాయిన పుట్టవట్టి నా బిడ్డ ఇంటికొస్తాంది" అని ఇరవై ఐదో తారీకు పొద్దున తూర్పు గోడ సందులో ఒక ఊదుబత్తి గుచ్చేది. తూర్పే ఎందుకని అడిగితే, "గాయిన ఏ దిక్కుంటడో నాకేమెరుక. పొద్దు పొడిసే దిక్కైతె ఎవలకైన చెల్తది" అంది.

మర్యాద అనే మాటకు ఆమె దగ్గర ఒకటే అర్థం, తినిపించడం. ప్రేమతో కాదు, పట్టుదలతో. లేవగానే బర్రెపాలు. పది గంటలకు జొన్నరొట్టెను నెయ్యితో, బెల్లంతో నలిపి చేసిన మలీద ముద్దలు. మధ్యాహ్నం కోడికూర. నాలుగింటికి మళ్లీ పాలు. ఎండిన ద్రాక్ష తీగ పుల్ల ఒకటి ఒళ్లో పెట్టుకుని పిల్లలకు ఎదురుగా కూర్చునేది. చింటు పొట్ట పట్టుకుని, "అమ్మమ్మా, ఇగ జాగ లేదు" అనేవాడు.

"జాగ లేకుంటె నోట్లె వెట్టుకోని కూసో. జాగైనంక మింగుదువు."

ఒకసారి వాడు నిజంగానే బుగ్గలో ముద్ద పెట్టుకుని అరగంట కూర్చున్నాడు. కళ్ల వెంట నీళ్లు కారాయి. "ఏడ్వు బిడ్డా, ఏడిస్తె ఆకలైతది" అంది అవ్వ. ఇది ఓదార్పే అని నా నమ్మకం.

ఇక కాంటా సంగతి చెప్పాలి. ద్రాక్ష బుట్టలు తూచే ఇనుప కాంటా అది. కింద నిలబడే పలక, పక్కన స్తంభం, పైన అడ్డపట్టీ మీద జరిపే గుండు. కోత మాఘం దాటితే గాని రాదు కాబట్టి డిసెంబర్‌లో దానికి పని ఉండదు. చింటు నడక నేర్వకముందు కామెర్లు వచ్చి దక్కడనుకున్నప్పుడు, వాడు బతికితే నిలువెత్తు బంగారం ఇస్తానని అవ్వ మేడారం సమ్మక్క తల్లికి మొక్కుకుంది. కంగారు పడకండి, ఆ తల్లికి ఇచ్చే బెల్లాన్నే బంగారం అంటారు. వాడు బతికాడు. వాణ్ణి ఈ కాంటా మీద తూచి, అంత బెల్లం జాతరలో ఇచ్చి వచ్చింది. మొక్కు తీరింది గాని తూచే అలవాటు తీరలేదు. ప్రతి క్రిస్మస్‌కు పిల్లలు ఆటో దిగగానే ఒక తూకం, తిరిగి వెళ్లే రోజు ఒక తూకం. ఆ రెండు తూకాల మధ్య ఎంత పెరిగితే ఆమె పరువు అంత.

గుండు జరిపి అంకె చదవడం నా పని. అవ్వకు చదువు రాదు.

పన్నెండేళ్లు వచ్చాక పింకీ మొండికేసింది. "నేను ఎక్కను అమ్మమ్మా, సిగ్గయితది."

అవ్వ ఆమెను పైనుంచి కిందిదాకా నిదానంగా చూసింది. "ఎక్కకు తియ్. కాంటా గూడ నిన్ను జూసి భయవడ్తాంది."

పింకీ ఆ రోజంతా అన్నం ముట్టలేదు. ఎందుకన్నానా అని అవ్వ సాయంత్రం దాకా బాధపడింది. మనవరాలి మనసు నొచ్చినందుకు కాదు, రెండు పూటల తిండి నష్టమైనందుకు.

నేను తొమ్మిదో తరగతిలో ఉన్న ఏడాది, పిల్లలను దింపడానికి మేనత్త భర్త, అంటే మా మామయ్య, స్వయంగా వచ్చాడు. ఆయనది సర్కారు ఆఫీసులో ఉద్యోగం. ఎదుటివాళ్లను నిలబెట్టి మాట్లాడడం అక్కడ అబ్బింది. చాయ్ గ్లాసు చేతికి అందకముందే మొదలుపెట్టాడు.

"అత్తమ్మా, పోయినేడు మీ దగ్గర్నుంచి వచ్చినంక వీనికి పది రోజులు కడుపు ఆగలే. ఉన్న కండ కరిగిపోయింది. ఈసారి తోల్కరావద్దనే అనుకున్న. మీ బిడ్డ ఏడుస్తుంటె తెచ్చిన."

మేనత్త తల వంచుకుని బ్యాగు సర్దుతున్నట్టు నటించింది.

"బువ్వ ఎక్కువై ఎవలన్న చెడిపోయిండ్రా అల్లుడా" అంది అవ్వ.

"గదంతా నాకు తెల్వది. ఈసారి వీడు ఒక్క పిసరు తగ్గినా, వచ్చేయేటి నుంచి క్రిస్మస్ సెలవులు కీసరల మా అమ్మ దగ్గర్నే. ఇగ మీరు అడగొద్దు, నేను చెప్పొద్దు."

కీసర మాకు దూరమేమీ కాదు. వియ్యపురాలి ఇంట్లో మనవడు ఏం తిన్నాడో ఆ రోజే తెలిసేంత దగ్గర. అవ్వ ముఖం ఒక్క క్షణం మారింది. ఆమెకు ఏడాది మొత్తం మీద ఉన్నవి ఆ పది రోజులే.

"కాంటా ఉన్నది గద అల్లుడా. ఎక్కియ్యుండ్రి. పొయ్యేనాడు గూడ మీ ముంగటనే ఎక్కిస్త" అంది.

చింటు ఎక్కాడు. నేను గుండు జరిపాను. ఇరవై నాలుగు కిలోలు. మామయ్య వంగి చూసి తలూపాడు. అవ్వ మాత్రం వాడి జబ్బ పట్టుకుని పిసికి చూసింది.

"ఇరవై నాలుగా? ఏడున్నదిరా గంత?" అని, వెంటనే ఎముకల మీదికి నెట్టి తనే సర్దుకుంది. "బొక్కలల్ల ఉంటది. మా దిక్కోళ్లయి బరువు బొక్కలు."

ఆ పది రోజులు మా అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేవలేదు. ఇంట్లో ఉన్న నెయ్యి అంతా చింటు మలీదలోకి పోయింది. "నువ్వు ఎప్పటికుండెటోనివే గదరా" అని నాకు ఉత్త రొట్టె పెట్టింది అవ్వ. నా బొంత వాడికి పోయింది. ఎరువుల సంచులు కుట్టిన పట్టా నాకు వచ్చింది. చింటుకు ఆటలు బంద్. "ఉరుకకు, కరుగుతవ్" అనేది. వాడు చెంబు పట్టుకుని బయటికి వెళ్తుంటే, పండిన పంట వానకు కొట్టుకుపోతున్నట్టు చూసేది. "మల్లెందుకురా? ఇప్పుడే గద పోయినవ్" అని నిజంగా బాధపడేది. ఏడో రోజుకు వాడి నిక్కరు గుండీ తెగి ఎగిరిపడింది. అవ్వ ఆ గుండీని వెతికి పట్టుకుని కొంగుకు ముడేసుకుంది, అల్లుడికి చూపించాలని.

మామయ్య తిరిగి వచ్చిన రోజు అవ్వ కొత్త చీర కట్టింది. పొద్దున్నుంచి చెంబు కనిపించకుండా దాచిందని మాకు తర్వాత తెలిసింది. చింటు కాళ్లు దగ్గరగా పెట్టుకుని, చెమటలు కక్కుతూ కాంటా ఎక్కాడు.

ఇరవై మూడున్నర.

"మల్ల సూడు" అంది అవ్వ. మళ్లీ చూశాను. మామయ్య తనే గుండు జరిపి చూశాడు. ఇరవై మూడున్నర.

అవ్వ కొంగు ముడి విప్పి గుండీ చూపించింది. "దారం పాతది అత్తమ్మా" అన్నాడు ఆయన. కాంటా చెడిపోయిందని అవ్వ పట్టుపట్టింది. బాపు కుట్టు విప్పని యూరియా బస్తా తెచ్చి పలక మీద పెట్టాడు. బస్తా మీద యాభై అని ఉంది, కాంటా మీదా యాభై వచ్చింది. కాంటా నిజాయితీకి ఇక తిరుగులేకుండా పోయింది.

మామయ్య కోపగించుకుని ఉంటే బాగుండేది. ఆయన నవ్వాడు. "పది దినాలు మేపి అరకిలో తీసిండ్రు అత్తమ్మా. మా అమ్మ ఉత్తగ కూసోవెట్టినా గింత కాదు."

మేనత్త తల్లి వైపు చూడకుండా ఆటో ఎక్కింది. చింటు ఎక్కలేదు. ఇంటి వెనక్కి పరుగెత్తాడు. వాడి కోసం ఆటో పది నిమిషాలు ఆగింది. సాగనంపడం అంతసేపు సాగడం ఆ ఇంట్లో అదే మొదటిసారి.

అవ్వ మొదట మా అమ్మ మీద పడింది. "నీ చేతి బువ్వ ఒంటికి వట్టదే. నా కొడుకును సూడు, పదిహేనేండ్ల సంది బక్కగనే ఉన్నడు." అమ్మ కళ్లు తుడుచుకుంటూ రొట్టెలు చేసింది, ఆ రోజు నా మలీదలో నెయ్యి పడింది, తిన్నాను. తర్వాత బర్రె మీద పడింది. దాని పాలల్లో సత్తువ లేదని నెల తిరక్కుండా అమ్మేసింది. బర్రె ఏమీ అనలేదు.

మామయ్య మాట తప్పని మనిషి. మరుసటి క్రిస్మస్‌కు పిల్లలు కీసర వెళ్లారు. మేనత్త ఒక్కతే ఒకపూట వచ్చి, చాయ్ తాగి, మూడింటి బస్సుకు పోయింది. ఆమె వెళ్లాక కూడా అవ్వ రెండు పళ్లేలు కడిగి ఆరబెట్టింది. ఇరవై ఐదున ఊదుబత్తి మాత్రం ఎప్పటిలాగే గుచ్చింది. "పిల్లలు రాలేదు గద, ఇంకెందుకు" అన్నాడు బాపు.

"గాయిన తప్పేమున్నదిరా, సెలవులైతె ఇచ్చిండు గద" అంది.

ఆ మాఘంలో మేడారం జాతర వచ్చింది. నేను పదో తరగతి. అవ్వ బెల్లం దిమ్మలు తెప్పించి, నన్ను తూచమని కూర్చోబెట్టి, చుట్టూ ఎవరూ లేకుండా చూసుకుని చెప్పింది.

"ఒక మాట చెప్త, ఎవలతోటి అనకు. గా పోరడు కామెర్ల నుంచి లేసినంక తూస్తె తొమ్మిదిన్నర ఒచ్చె. బెల్లం తొమ్మిదే ఇచ్చిన. తల్లికేం తెలుస్తదిలె అనుకున్న."

నేను గుండు జరుపుతున్నాను.

"తెలిసింది. గా అరకిలో నా ముంగటనే తీస్కపోయింది. పోరడు పోరడే నా ఇంటికి రాకుంట జేసింది."

ఆ జాతరకు ఐదు కిలోలు ఎక్కువ ఇచ్చింది. రెండేళ్లకు వచ్చిన మరో జాతరకు పది. మోకాళ్లు పోయాక పక్కింటివాళ్లతో పంపింది. ప్రతిసారీ, ఇక ఈ ఏడు వస్తారని చింటుకు కొత్త బొంత కుట్టించింది. చింటు పెద్దవాడయ్యాడు, తనంతట తానే రావచ్చు కదా అని పింకీ పెళ్లిలో అడిగాను. "నాకు అమ్మమ్మ అంటే పుల్ల ఒక్కటే యాదికున్నది బావా" అన్నాడు. ఆ మాట అవ్వకు చేరవేయలేదు. నాలోనూ కొంత దయ ఉందనడానికి ఇదే ఆధారం, ఇంకేదీ దొరకలేదు.

అవ్వ పోయిన రోజు అందరూ వచ్చారు. చింటు ఇప్పుడు తొంభై కిలోలకు తక్కువ ఉండడు. పాడె ఎత్తుతుంటే ఆయాసపడ్డాడు. మామయ్యకు షుగరు, ఏమీ తినకూడదు. నా భుజం మీద చెయ్యి వేసి, "మీ అవ్వ మంచి మనిషేరా, గాని పిల్లలను ఎట్ల సూస్కోవాల్నో తెల్వకపాయె" అన్నాడు.

"అవును మామయ్యా" అన్నాను.

ఆమెకు నేను రుణపడింది ఒకటుంది. ఆ ఇంట్లో అంకె చదివే గౌరవం నాకు ఇచ్చింది. కాంటాను అనుమానించింది, బర్రెను అనుమానించింది, మా అమ్మను అనుమానించింది, దేవతకు కోపం వచ్చిందనుకుంది, చివరికి తన మీదే నేరం వేసుకుంది. నన్ను ఏనాడూ అనుమానించలేదు.

పైన అడిగిన క్షమాపణలన్నీ మర్యాదకు. వాటిలో దేన్నీ మన్నించనక్కర్లేదు. నేను చేసింది ఒకటే. చింటు దిగిన రోజు వాణ్ణి తూచేటప్పుడు నా కుడికాలి బొటనవేలు కాంటా పలక అంచు మీద ఉంది. మామయ్య గుండును చూస్తున్నాడు, అవ్వ మనవణ్ణి చూస్తోంది. ఎంత తొక్కానో నాకే తెలియదు, రెండు కిలోలు ఉండవచ్చు. వాడు బరువుగానే ఉన్నాడని తేలితే నా నెయ్యి నాకు మిగులుతుందనుకున్నాను. అంతకు మించి ఆలోచన లేదు.

వెళ్లే రోజు మళ్లీ అంతే తొక్కితే సరిపోయేది. అది నాకు తెలుసు. పలక పక్కనే నిలబడి ఉన్నాను. "సక్కగ సూసి చెప్పు బిడ్డా" అంది అవ్వ. ఆ పది రోజుల్లో ఆమె నన్ను బిడ్డా అనడం అదొక్కసారే. నేను కాలు వెనక్కి తీసుకున్నాను. పట్టీ ఊగడం ఆగేదాకా ఆగి, గేటు బయట ఉన్న ఆటోవాడికి కూడా వినపడేటట్టు అంకె చదివాను.