గోదావరి నడుమ ఆగిన ఆవిరి పడవ

కొవ్వూరు నుంచి రాజమండ్రికి జనాన్ని దాటించే ఆవిరి పడవలో నేను ఇంజను నడిపే రోజులవి. వరదల కాలంలో ఒక మధ్యాహ్నం, కాన్పు కష్టమైన మా అక్కను ఆస్పత్రికి తీసుకువెళ్లాలని అమ్మ మా పడవే ఎక్కించింది.

నది నడుమకు వచ్చేసరికి ఇంజను దెబ్బలు తప్పుతూ, తప్పుతూ ఆగిపోయింది. లంగరు వేసినా నిలవలేదు. పడవ ధవళేశ్వరం ఆనకట్ట వైపు కొట్టుకుపోసాగింది. బొగ్గు తడిసిందేమోనని పొయ్యిలో ఎండుకట్టెలు వేశాను. ఆవిరి నిండుగానే ఉంది, ఇంజను మాత్రం కదలలేదు.

“ఏంటి తమ్ముడూ, ఆగిపోయిందా?” అంది అక్క, పంటి బిగువున.

“ఇప్పుడే కదులుద్దక్కా.”

ఆనకట్ట హోరు వినపడుతుండగా లోపం దొరికింది. ఆవిరిని ఇంజనులోకి వదిలే కడ్డీకి ఉండాల్సిన చీల అరిగి ఊడిపోయింది. పడవ చెక్కలోంచి ఒక మేకు పీకి, చేతులు కాలుతున్నా దాని చోట దిగగొట్టాను. ఇంజను అందుకుంది. వరదకు ఎదురెక్కి రాజమండ్రి రేవు చేరేసరికి పొద్దు వాలింది.

“ఇంక తొందరెందుకురా నాన్నా,” అంది అమ్మ, అక్క తల ఒళ్లో పెట్టుకుని. అక్క నది మీదే పోయింది.

పడవలోని వాళ్లంతా “మా ప్రాణాలు కాపాడారండీ” అంటూ నాకు దణ్ణాలు పెట్టి దిగిపోయారు. ఆ మాట ఎవరన్నా, ఇప్పటికీ నేను అక్కడ కూర్చోలేను.