ఆ మాటకు పలికిన అక్క

మా మేడమీది అక్క పోయింది. ఆదివారం పొద్దెక్కినా మెట్ల కమ్మీకి తగిలించిన సంచిలో పాలపాకెట్ అట్లాగే ఉంటే పైకి వెళ్ళి చూశాను. నిద్రలోనే ప్రాణం పోయిందని డాక్టరు చెప్పాడు. పలమనేరు నుంచి ఆమె తమ్ముడు వచ్చేదాకా ఆ గదిలో నేనొక్కదాన్నే కూర్చున్నాను. వీధిలోవాళ్ళు ఒకరిద్దరు గుమ్మం దాకా వచ్చి, "ఎప్పుడు పోయినాదంట?" అని అడిగి వెళ్ళారు. జీవితమంతా తిరుపతిలో గడిపిన మనిషి పక్కన కూర్చోవడానికి నలుగురు లేకపోవడం నాకు ఇప్పటికీ మింగుడు పడడం లేదు.

ఆడపిల్లల కాలేజీలో ఎకనామిక్స్ చెప్పి రిటైరైందామె. పెళ్ళి చేసుకోలేదు. నేను కింది పోర్షన్‌లో అద్దెకు దిగిన రోజు, సామాన్లు ఇంకా ఆటోలో ఉండగానే, చెంబుతో మజ్జిగ తెచ్చిచ్చింది.

"నేను ఫెమినిస్టును మే. ఈ వీధిలో ఎవరో ఒకరు నీకు చెప్పకుండా ఉండరు. నా నోటితోనే వింటే మేలు కదా" అంది.

నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. కుళాయి నీళ్ళు ఎన్నింటికి వస్తాయో చెప్పిన గొంతుతోనే ఆ మాటా చెప్పింది. తర్వాత గ్యాస్ పొయ్యి బిగించడానికి మనిషిని పిలిపించింది.

ఒకప్పుడు ఆ మాటకు మంచి మర్యాదే ఉండేదట. కాలేజీలో చేరిన కొత్తలో స్టాఫ్‌రూమ్‌లో ఆమె ఆ మాట అంటే, లెక్కల సారు కుర్చీ దగ్గరికి లాక్కొని, "అంటే ఏంది మేడమ్, కొంచెం వివరంగా చెప్పండి" అని అడిగాడట. సభలకు పిలిచి శాలువాలు కప్పేవాళ్ళు. ఆ శాలువాలన్నీ లాడ్జీల్లో గదులు ఊడ్చే ఆడవాళ్ళ ఇళ్ళకు చేరేవి.

ఆ ఆడవాళ్ళ పనే అక్కకు పెద్ద పని. యాత్రికుల కోసం పొద్దస్తమానం బాత్రూములు కడిగేవాళ్ళకు, తాము వెళ్ళడానికి ఒక్కటీ ఉండేది కాదు. గదుల్లోది వాడితే పనిలోంచి తీసేసేవాళ్ళు. అందుకని నీళ్ళు తాగకుండా పనిచేసి జబ్బులు తెచ్చుకునేవాళ్ళు. అక్క లాడ్జి మేనేజరు ముందు కూర్చొని, గొంతు పెంచకుండా, "మీ ఇంట్లో ఆడోళ్ళు పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఆపుకోనుంటారా అప్పా?" అని అడిగేది. జవాబు వచ్చేదాకా లేచేది కాదు. కొన్ని లాడ్జీల్లో మెట్ల కింద చిన్న బాత్రూము కట్టించారు. కొన్నిచోట్ల వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపేసేవాడు. "ఆ ఫెమినిస్టు వచ్చినాదా? నేను లేనని చెప్పు" అని లోపలినుంచి వినిపించేది. మాట అక్కడే చెడడం మొదలైందని అక్క అనేది.

చెడడం మొదలైన మాట ఊరికే ఉంటుందా. కొత్తగా చేరిన లెక్చరర్లకు "ఆమెతో జాగర్త" అని చెప్పేటప్పుడు ఆ మాట పనికొచ్చింది. తర్వాత మా వీధి వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది. ఎవరైనా ఏదైనా అడిగితే చాలు, "ఫెమినిస్టులు మొదలుపెట్టినారు" అని ఒకరు, దాని కింద నవ్వే బొమ్మలు వరసగా. చెత్తబండి రాలేదని పెట్టిన పాపానికి మా మూలింటి రిటైర్డ్ హెడ్మాస్టరు గారు కూడా ఒక పూట ఫెమినిస్టు అయ్యారు. మీసాలున్న మనిషి. ఆయన ఉడుక్కొని గ్రూపులోంచి వెళ్ళిపోతే అక్క పొట్ట పట్టుకొని నవ్వింది. "పాపం, ఒక్క పూటకే అంత కష్టమైపోయినాదే ఆయనకు" అంది.

గంగజాతర సంగతి తిరుపతి వాళ్ళకు చెప్పనక్కర్లేదు. వేషం వేసుకున్నవాళ్ళు ఒళ్ళంతా కుంకుమ పూసుకొని, వేపమండలు పట్టుకొని, ఎదురైనవాళ్ళని నోటికొచ్చిన బూతు తిడతారు. అది మొక్కు. పడ్డవాళ్ళు కోపం తెచ్చుకోకూడదు. నాలుగేళ్ళ కిందట కాబోలు, వేషగాళ్ళ గుంపొకటి మా గేటు ముందు ఆగింది. అందులో ఒకాయన బ్యాంకులో పనిచేసే మనిషి, అక్కకు బాగా తెలిసినవాడే. మా ముందింటివాళ్ళకు మామూలు బూతులు తగిలించి, అక్క వైపు తిరిగి, "ఏయ్ ఫెమినిస్టూ" అని అరిచాడు. అంతే. ఇంకేమీ కలపలేదు. వీధి గొల్లున నవ్వింది. అక్క, "వచ్చినాను నాయనా" అని పలికి, అతనికి అంబలి పోసింది.

సాయంత్రం మెట్ల మీద కూర్చున్నప్పుడు మాత్రం ఆమె మొహంలో నవ్వు లేదు.

"జాతర తిట్టు జాతరతోనే కడుక్కోనిపోవాల మే. రేపు వాళ్ళంతా కుంకుమ కడుక్కోని ఆఫీసులకు పోతారు. ఈ మాట మాత్రం ఈడనే ఉంటాది."

"మరి ఎందుకు పలికినావక్కా?" అన్నాను.

"పలక్కపోతే అది వాళ్ళ మాట అయిపోతాది."

ఆ పేరు వల్ల ఆమె చాలా పోగొట్టుకుంది. తమ్ముడి కూతురికి కుదరబోయిన సంబంధం తప్పిపోయింది. "మేనత్త ఫెమినిస్టంట, పిల్లకు కూడా అదే నేర్పించుంటాది" అని మగపెళ్ళివారు కబురు పెట్టారట. తమ్ముడు రావడం మానేశాడు. ఉగాదికి రెండు విస్తళ్ళలో వడ్డించి, తమ్ముడి విస్తరి ఎదురుగా పెట్టుకొని ఒక్కతే తినే ఆమెను చూసి, నేను నా పళ్ళెం తీసుకొని పైకి వెళ్ళేదాన్ని. ఆ పేరు వదిలేయమని నేనూ ఒకసారి చెప్పి చూశాను. "వేరే ఏదన్నా చెప్పుకో అక్కా, పని అదే కదా" అన్నాను.

"సంఘసేవకురాలు అని చెప్పుకోమంటావా? నేను సేవ చెయ్యలేదు మే. అడిగినాను. అడిగేదానికి ఒక పేరుండాది. నేను పోయినాక కూడా ఆ పేరు తీసేయనీకు."

నేను సరేనన్నాను.

పెద్దకర్మకు ముందు ఫ్లెక్సీ కొట్టించడానికి ఆమె తమ్ముడితో కలిసి నేనూ వెళ్ళాను. కంప్యూటర్ దగ్గరున్నతను ఫొటో, పేరు పెట్టి, "కింద ఒక లైను చోటుండాది, ఏమి ఎయ్యమంటారు?" అన్నాడు. తమ్ముడు "సంఘసేవకురాలు" అన్నాడు. అక్క వద్దందని, ఏ మాట వేయమందో చెప్పాను. ఆయన నా మీద అరవలేదు. కళ్ళు తుడుచుకున్నాడు.

"చచ్చిపోయిన మనిషిని అందరి ముందరా తిట్టినట్టుంటాదమ్మా. నా బిడ్డకు ఇప్పుడే ఇంకో సంబంధం వస్తా ఉండాది."

ఆయన బాధ అబద్ధం కాదు. కానీ నేనూ ఒప్పుకోలేదు. చివరికి ఆయనే కంప్యూటర్ దగ్గరున్నతనితో, "ఏమీ వద్దులే, ఆ చోటు అట్లే వదిలెయ్ అబ్బా" అన్నాడు.

పెద్దకర్మకు లాడ్జీల నుంచి ఆడవాళ్ళు ఒక పూట పని మానుకొని వచ్చారు. ఎవరూ చెప్పకుండానే అంట్లు తోమారు. భోజనాల దగ్గర ఎవరో, "ఆమె ఫెమినిస్టంట కదా?" అన్నారు. వడ్డిస్తున్న ఒకామె చేతిలోని గరిటె ఆపి, ఏడుపు గొంతుతో, "అట్లాంటిది కాదు సామీ మా మేడమ్. మంచామె" అంది. అంత ప్రేమగా చెప్పిన మనిషిని ఏమని దిద్దను? ఆ పేరును మోసేదాన్ని ఇక నేనొక్కదాన్నే మిగిలానని అప్పుడు తెలిసింది. అందుకే ఇది రాస్తున్నాను. మా అక్క ఫెమినిస్టు.

గేటుకు కట్టిన ఫ్లెక్సీ ఇంకా తీయలేదు. పైన అక్క ఫొటో, దాని కింద పేరు, పేరు కింద జానెడు తెల్లటి ఖాళీ. దారిన పోయేవాళ్ళు ఆగి, పేరు చదివి, కిందికి చూసి, అక్కడేవో అక్షరాలు ఎండకు వెలిసిపోయాయనుకొని నడిచిపోతున్నారు.