మా పిన్ని, నేను, కొండరోడ్డు మీద పడిన విమానం

నా చిన్నప్పుడు పోర్ట్‌బ్లెయిర్ దగ్గరి మా తుష్నాబాద్ ఊరి పిల్లలకు విమానం అంటే తలెత్తి చూసి కేకలు పెట్టేదే తప్ప ఎక్కేది కాదు. మా పెద్దవాళ్లంతా విశాఖపట్నంలో ఓడ ఎక్కి, దారంతా వాంతులు చేసుకుంటూ ఈ దీవులకు వచ్చినవాళ్లు. అలాంటి ఊళ్లో మొట్టమొదట విమానం ఎక్కిన పిల్లను నేనే. అది మా ఊరి కొండరోడ్డు మీదే కూలింది కాబట్టి, ఎక్కానని గొప్పలు చెప్పుకోవలసిన అవసరం కూడా రాలేదు.

మా పిన్ని దక్షిణాన ఒక చిన్న దీవిలో ఆసుపత్రి నర్సు. ఎవరైనా పెళ్లి మాట ఎత్తితే టీ గ్లాసు అక్కడే పెట్టేసి లేచి వెళ్లిపోయే మనిషి. ఆ వేసవి సెలవులకు నన్ను ఓడలో తన దగ్గరికి తీసుకెళ్లింది. తిరిగి వచ్చే వేళకు ఓడ రాలేదు. ఆసుపత్రికి మందులు తెచ్చిన చిన్న విమానం ఖాళీగా పోర్ట్‌బ్లెయిర్ వెళ్తోందని తెలిసి, పైలట్‌ను బతిమాలి నన్ను ఎక్కించి తానూ ఎక్కింది. ఓడల ఆఫీసులో పనిచేసే ఒక పెద్దాయన కూడా మాతో వచ్చారు. మా పెద్దవాళ్ల శ్రీకాకుళం జిల్లా మనిషే. మేమంతా ఆయన్ని బాబాయిగారు అనేవాళ్లం.

పోర్ట్‌బ్లెయిర్ చేరేసరికి మబ్బు కమ్ముకుని కింద ఏమీ కనిపించలేదు. పైలట్ కొండల మీదుగా చుట్టు తిప్పుతుండగా ఇంజను దగ్గింది, మళ్లీ దగ్గింది, ఆగిపోయింది. ఇక గాలి చప్పుడు ఒక్కటే. మబ్బు విడిన చోట అడవి, అడవి మధ్య సన్నగా మా రోడ్డు కనిపించాయి. పిన్ని నన్ను ఒళ్లోకి లాక్కుని నా తల వంచేసింది. చక్రాలు నేలకు తగిలాయి, ఎగిరాయి, మళ్లీ తగిలాయి. ఒక రెక్క కొండగట్టుకు కొట్టుకుని విరిగింది. విమానం గిర్రున తిరిగి, లోయ పక్కకు ఒరిగి ఆగింది.

పైలట్ నుదురు పగిలి ముందుకు వాలిపోయాడు. పెట్రోలు వాసన గుప్పుమంది. అప్పుడు మేం చేసిన పని తలుచుకుంటే నాకిప్పటికీ నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. కదలకుండా కూర్చున్నాం! ఓడలకు అలవాటుపడ్డ మనుషులం కదా. కెప్టెన్ చెప్పేదాకా చోటు వదలకూడదు, నిచ్చెన వేసేదాకా దిగకూడదు, తోసుకుంటే అందరికీ ముప్పు. ఇది మాకు అన్నంతో పాటు పెట్టిన బుద్ధి. బాబాయిగారైతే సంచీ ఒళ్లో సర్దుకుని, నన్ను కూడా కూర్చోమని సైగ చేశారు.

“ఆర్డర్ రానీయండమ్మా. తొందరపడకూడదు,” అన్నారు.

“ఎవులిస్తారండీ ఆర్డరు? కెప్టెన్ తెలివి తప్పి పడున్నాడు, సూడండి! నాను సెప్తన్నాను, దిగండి!” అని పిన్ని తలుపును కాలితో తన్నింది.

రెండో తాపుకు తలుపు ఊడింది. నన్ను బయటికి తోసింది. బాబాయిగారిని చొక్కా పట్టి లాగింది. కుడిచెయ్యి విరిగి వేలాడుతున్నా, పైలట్ కోసం మళ్లీ లోపలికి దూరింది. అప్పటికి బాబాయిగారు తేరుకుని పైలట్ కాళ్లు పట్టుకున్నారు. ఇద్దరూ కలిసి అతన్ని రోడ్డు మీదికి ఈడ్చుకొచ్చేసరికి వాన మొదలైంది. విమానం అంటుకోలేదు. అంటుకోనిదానికి అంత హడావిడి దేనికని తర్వాత కొందరు అన్నారు. వాళ్లను ఒక్కసారి ఆ వాసనలో కూర్చోబెట్టాలని నాకప్పుడూ అనిపించింది, ఇప్పుడూ అనిపిస్తుంది.

నా ఒంటి మీద గీరుడు దెబ్బలే. లోపల మాత్రం బాగా దెబ్బతిన్నాను. నా హైస్కూలు పోర్ట్‌బ్లెయిర్‌లో. దానికి ఆ రోడ్డు తప్ప వేరే దారి లేదు. బడి తెరిచిన రోజు బస్సు విమానం పడిన మలుపు దగ్గరికి రాగానే అరిచి, ఏడ్చి, దిగిపోయాను. మర్నాడూ అంతే. ఇలా కాదని మా నాన్న, నన్ను వచ్చే ఓడలో శ్రీకాకుళం దగ్గర అమ్మమ్మగారి ఊరికి పంపి చదివించాలని నిశ్చయించారు. ఇరుగుపొరుగంతా తలూపారు. మన ఊరికే కదా పంపుతున్నారు అన్నారు. ఎవరి ఊరు? నేను పుట్టింది ఇక్కడ. ఆ ఊరు నేను కలలో కూడా చూడలేదు. నన్నొక్కరూ అడగలేదు.

చేతికి కట్టుతో మా ఇంట్లోనే ఉన్న పిన్ని ఒక పొద్దున నా జడ పట్టుకుని లేపింది. “చలో, నడు,” అంది. ఎక్కడికని అడగనివ్వలేదు. ఆ మలుపు దాకా నడిపించుకుపోయింది. విమానాన్ని ఇంకా తీసుకుపోలేదు. రోడ్డు పక్కకు నెట్టి వదిలేశారు. నేను గట్టిగా కళ్లు మూసుకున్నాను.

“కళ్లు తెరువే. బయమేస్తే ఏసింది, కళ్లు మూస్తావేటి? ఇది మనల్ని సంపలేకపోయింది. సిగ్గుపడాల్సింది ఇది. నువ్వెందుకే తల దించుకుంటావు?”

కళ్లు తెరిచాను. రేకు, మేకులు, చిరిగిన సీటు. నా చదువు, మా అమ్మ, నా స్నేహితురాళ్లు, అన్నీ ఈ రేకు డబ్బా వల్ల పోతాయా అని ఒళ్లు మండిపోయింది. వెళ్లి ఒక్క తాపు తన్నాను. వేలు వాచింది గాని ప్రాణానికి ఎంత హాయిగా ఉందో! పిన్ని పడీ పడీ నవ్వింది.

ఇంటికొచ్చి నాన్న ఎదుట నిలబడ్డాను. మా ఇంట్లో పిల్లలు అలా నిలబడేవాళ్లు కాదు.

“నేను ఓడెక్కను నాన్నా. రేపు బస్సెక్కుతాను.”

నాన్న పిన్ని వైపు కోపంగా చూశారు.

“నా ఏపు సూడకండి బావగారూ. సెప్పింది అది. దాన్నే అడగండి,” అంది పిన్ని.

నాన్న నా వైపు తిరిగారు. “దారిలో దిగిపోయావంటే మాత్రం ఓడే,” అన్నారు.

మర్నాడు ఆ మలుపు నుంచి, పోర్ట్‌బ్లెయిర్ దారిలో వచ్చే సిప్పీఘాట్ దాకా ఏడుస్తూనే ఉన్నాను. బస్సంతా నన్నే చూసింది. చూస్తే చూడనీ అనుకున్నాను. దిగలేదు. చెయ్యి అతుక్కున్నాక పిన్ని కూడా తన దీవికి అలాంటి చిన్న విమానంలోనే వెళ్లింది. ఆపబోయిన పెద్దలకు దణ్ణం పెట్టి మరీ వెళ్లింది.

పిన్ని ఇప్పుడు లేదు. నాకు మోకాళ్లు పట్టేస్తున్నాయి. అయినా నెలకోసారి ఆ దారిన పోర్ట్‌బ్లెయిర్ వెళ్తాను. మలుపు వస్తోందంటే ఇన్నేళ్లయినా ముందు సీటు కడ్డీ గట్టిగా పట్టుకుంటాను. భయం పోలేదు. పోతుందని పిన్ని నాకెప్పుడూ చెప్పలేదు కూడా. నేను మాత్రం లోయ వైపు కిటికీ సీటే కావాలంటాను. ఎవరైనా అందులో కూర్చుని ఉంటే లేపి మరీ కూర్చుంటాను.