గంటమ్మ కూర్చున్న కుర్చీ

ఆమెకు హాజరు రిజిస్టరులో ఓ పేరుంది గానీ, అది ఎవరికీ పట్టదు. పిల్లలకూ, పెద్దలకూ, బడి ఎదుట కుట్టుమిషను పెట్టుకున్న దర్జీకీ ఆమె గంటమ్మే. మా ప్రాథమిక పాఠశాల వరండా చివర వేలాడే ఇత్తడి గంటను, నేను చెప్పబోయే ఏటికి, ఇరవై రెండేళ్ళుగా ఆమే కొడుతోంది. ఒక్క నిమిషం అటూ ఇటూ అయ్యేది కాదు. దర్జీ ఆ గంట విని తన గోడ గడియారం సరిచేసుకునేవాడు. ఎవరి చేతికి వాళ్ళకు వాచీలున్నా, బళ్ళో చెల్లుబాటయ్యేది నల్ల పట్టీతో ఉన్న ఆమె పాత వాచీయే. నేను అక్కడ రెండో తరగతి టీచర్ని. నాకు కోపం ముక్కు మీద ఉంటుందని తోటి టీచర్లు అనేవారు, అందులో అబద్ధమేమీ లేదు. గంటమ్మ మీద మాత్రం నా కోపం ఓ పూట కూడా నిలిచేది కాదు.

ఆమెకు పెళ్ళైన మూడో ఏట భర్త పోయాడు. పిల్లల్లేరు. బడి వెనక సందులో ఒక గది, ఒక మంచం, గోడకు కొట్టిన మేకుకు ఒక సంచీ. ఓసారి జ్వరంతో పడుంటే చూడ్డానికి వెళ్ళాను. గూట్లో ఒకే కంచం, ఒకే గ్లాసు బోర్లించి ఉన్నాయి. నాకు మంచినీళ్ళు ఆ గ్లాసులోనే ఇచ్చి, తను చెంబుతో తాగింది. ఆదివారమంటే ఆమెకు పడేది కాదు. "ఈ ఆదివారం ఎవరు పెట్టారో గానీ టీచరమ్మా, వాళ్ళకి ఇల్లు నిండా జనం ఉండుంటారు" అనేది. కుళాయి కారుతోందేమో చూసొస్తానన్న వంకతో ఆదివారాలు కూడా బడికి వచ్చి, ఖాళీ గదుల్లో ఓ తిరుగుడు తిరిగి వెళ్ళేది. కుళాయి ఎప్పుడూ కారలేదు.

చలి తగ్గి, ప్రహరీ పక్క చెట్లు చిగుళ్ళు వేసే రోజుల్లో మా బళ్ళో రెండు శనివారాలు ఇంటివాళ్ళకోసం ఉండేవి. మొదటి శనివారం పిల్లలు డబ్బాల్లో మట్టి నింపి గింజలు వేస్తారు. నెలాఖరు శనివారం ఆ మొలకల్ని పెరట్లో నాటుతారు. రెండూ ఇద్దరు కలిసి చేసే పనులే. పిల్ల మొక్క పట్టుకుంటే, ఇంటినుంచి వచ్చినవాళ్ళు మట్టి పోస్తారు. ప్రతి పిల్ల పక్కనా ఒక కుర్చీ వేసి, కుర్చీ వీపుకు, ఆనుకునే వైపు, ఓ కాగితం అంటించేవాళ్ళం. వచ్చేది ఎవరో పిల్లలే తమ చేత్తో రాసేవారు. అమ్మ, తాతయ్య, పిన్ని, అలాగన్నమాట. కుర్చీలు చిన్నపిల్లలవి. వాటిలో ఇరుక్కున్న నాన్నల మోకాళ్ళు గడ్డాలను తాకుతుంటే నవ్వాపుకోవడం నావల్ల అయ్యేది కాదు. తొమ్మిదిన్నరకు మొదటి గంట, పదిన్నరకు రెండో గంట. రెండో గంట కొట్టాక ఇంటివాళ్ళు వెళ్ళిపోవాలి, గేటు వేసేస్తారు. ఆ నియమం మా పెద్ద టీచరుగారిది. ఆవిడ చెప్పిందంటే రాతి మీద గీతే.

ఆ ఏటికి పన్నెండేళ్ళ ముందు ఓ పిల్లాడి కోసం ఎవరూ రాలేదు. వాడు ఖాళీ కుర్చీని చూస్తూ పెదవి బిగించాడు. వరండా ఊడుస్తున్న గంటమ్మ చీపురు గోడకు ఆనించి, చేతులు కడుక్కుని వచ్చి ఆ కుర్చీలో కూర్చుంది. అప్పటినుంచీ అది అలవాటైపోయింది. ఏ పిల్ల పక్కన కుర్చీ ఖాళీగా ఉంటే అక్కడ గంటమ్మ ప్రత్యక్షం. మేమంతా మెచ్చుకున్నాం. నేనైతే పని గట్టుకుని అందరికీ చెప్పుకునేదాన్ని. ఓసారి ఆమె చెప్పిన మాట మాత్రం నాలోనే ఉంచుకున్నాను. "వాళ్ళకోసం కూర్చుంటున్నానని మీరంతా అనుకుంటారు. ఆ కాసేపు నాకూ ఓ పిల్ల ఉన్నట్టుంటుంది టీచరమ్మా, అందుకు కూర్చుంటా." ఏడాదికి రెండు శనివారాలు, రెండు గంటల సేపు. ఆమెకున్న సంసారమంతా అంతే.

ఆ ఏడు నా తరగతిలో ఓ పిల్ల ఉండేది. కుదురుగా కూర్చునేది కాదు, గొంతు కీచుమని పలికేది, అందరూ పిచ్చుక అనేవారు. అమ్మా నాన్నా విడిపోయారు. పిల్ల నానమ్మ దగ్గర పెరుగుతోంది. నానమ్మకు మోకాళ్ళ నొప్పులు, గడప దాటదు. నాన్న ఊరికి ఆ చివరనున్న బేకరీలో రొట్టెలు కాలుస్తాడు, అక్కడే పడక. వారానికోసారి వచ్చి చూసి వెళ్తాడు. మొదటి శనివారానికి వారం ముందే పిచ్చుక తన కాగితం మీద 'నాన్న' అని రాసి, నా దగ్గరికి తెచ్చి మూడుసార్లు చూపించింది.

"వస్తానన్నాడా?" అన్నాను.

"పొయ్యి దగ్గర పని అయిపోగానే వస్తానన్నాడు. కొంచెం ఆలస్యమైనా వస్తానన్నాడు."

శనివారం తొమ్మిదిన్నర అయింది. తొమ్మిదీ నలభై అయింది. కుర్చీలన్నీ నిండాయి, ఒక్కటి తప్ప. పిచ్చుక చూపు తలుపు మీదినుంచి కదల్లేదు. నేను ఏమైనా అనేలోపే గంటమ్మ వచ్చి, 'నాన్న' అని రాసున్న కుర్చీలో కూర్చుని, డబ్బా చేతిలోకి తీసుకుంది. పిచ్చుక ఓ క్షణం ఆమె వంక వింతగా చూసింది. గంటమ్మ మట్టిలో వేలు గుచ్చి, "గింజకి నిద్దరొస్తోంది, దుప్పటి కప్పవే" అంది. పిల్ల కిలకిల నవ్వింది. హమ్మయ్య అనుకుని నేను ఇంకో బల్ల దగ్గరికి వెళ్ళాను. ఆ హమ్మయ్య తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అందరూ వెళ్ళాక గంటమ్మ గది ఊడుస్తోంది. నేను పుస్తకాలు దిద్దుతున్నాను. నానమ్మ పంపే ఆటో ఇంకా రాలేదు గనక పిచ్చుక మాతోనే ఉంది. వరండా వైపు కిటికీ గూట్లో కాగితం పొట్లం ఒకటి కనబడితే గంటమ్మ తీసి విప్పింది. లోపల ఓ చిన్న తీపి రొట్టె, పిచ్చుక ఆకారంలో. పైన రెండు ఎండుద్రాక్షలు, కళ్ళన్నమాట. పొట్లం మీద తెల్లటి పిండి వేలిముద్రలున్నాయి.

పిచ్చుక పరుగెత్తుకొచ్చింది. "మా నాన్న వచ్చాడా?"

పిల్ల కిటికీ వైపు చూసింది, తన బల్ల వైపు చూసింది. కిటికీలోంచి చూస్తే తన బల్ల దగ్గర ఎవరు కనబడతారో దానికి తెలిసిపోయింది.

"నువ్వు కూర్చున్నావు కదా గంటమ్మా, అందుకే వెళ్ళిపోయాడు."

అందులో కోపం లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది. కసురుకున్నా బాగుండేది. ఆటో వచ్చింది, పిల్ల పొట్లం గుండెకు హత్తుకుని వెళ్ళింది. ఆ సాయంత్రం గంటమ్మ ఊడ్చిన గదినే మళ్ళీ ఊడ్చింది.

మర్నాడు ఆదివారం. ఆమె కుళాయి చూడ్డానికి బడికి రాలేదు. రెండు బస్సులు మారి, దారి అడుగుతూ అడుగుతూ ఆ బేకరీకి వెళ్ళింది. అక్కడ జరిగింది సోమవారం నాకు చెప్పింది.

అతను వెనక తలుపు దగ్గర, మోచేతుల దాకా పిండితో బయటికి వచ్చాడట. పాపం, బడినుంచి వచ్చానంటే బిడ్డకేమైందోనని మనిషి తెల్లబోయాడట.

"ఏం కాలేదు నాయనా. నిన్న కిటికీ దాకా వచ్చి వెళ్ళిపోయావేం?"

"పిల్ల పక్కన ఎవరో ఉన్నారమ్మా. మా అమ్మ ఎవర్నో పంపిందనుకున్నా. అది నవ్వుతోంది కూడానూ. నేను ఈ బట్టల్తో లోపలికొచ్చి మిమ్మల్ని లేపడమెందుకని."

"కుర్చీ మీద 'నాన్న' అనే రాసుంది."

"వీపు మీద కదమ్మా రాసేది. మీరు ఆనుకుని కూర్చున్నారు. నాకేం కనబడుతుంది?"

ఈ మాట నాకు చెప్పేటప్పుడు గంటమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. భర్త పోయిన సంగతి చెప్పినప్పుడు కూడా పెట్టుకోని మనిషి.

నెలాఖరు శనివారం వస్తావా అని అడిగిందట. తొమ్మిదిన్నర దాకా పొయ్యి వదలడానికి వీల్లేదని, బస్సు దొరికితే పదిన్నర లోపు చేరతాడని, దొరక్కపోతే లేదని అన్నాడట. "పిల్లకి మాత్రం చెప్పకండి. ఈసారి కూడా తప్పితే దాని ముఖం చూడలేను." ఆమె చెప్పనంది. నన్నూ చెప్పొద్దంది.

నాలుగు వారాల్లో మొలకలు జానెడు లేచాయి. పిచ్చుక రోజూ డబ్బా పక్కన స్కేలు పెట్టి కొలిచేది. నెలాఖరుకు కాగితాలు రాయించినప్పుడు, ఎవరు వస్తారని అడిగితే తెలీదంది. కాగితం మీద మాత్రం మళ్ళీ 'నాన్న' అనే రాసింది. గంటమ్మ ఆ కాగితాన్ని కుర్చీ వీపుకు కాక, కూర్చునే చోట, ముందువైపు అంచుకు అంటించింది. మిగతావి కూడా అలాగే మార్చింది.

ఆ శనివారం తొమ్మిదీ నలభైకి ఆ ఒక్క కుర్చీ మళ్ళీ ఖాళీ. గంటమ్మ గది దరిదాపులకు రాలేదు. గంట తాడు దగ్గర నిలబడి వీధి చూస్తోంది. పదయింది. అందరూ డబ్బాలు పట్టుకుని పెరట్లోకి కదిలారు. పిచ్చుక డబ్బా ఒక చేత్తో, ఆ కుర్చీ ఇంకో చేత్తో ఈడ్చుకుంటూ వచ్చి, తన గుంట పక్కన వేసుకుని నిలబడింది. ఒక్కతే మొక్క పట్టుకుని మట్టి కూడా పోయడం కుదరదు. నా ప్రాణం ఉసూరుమంది. గంటమ్మ దగ్గరికి వెళ్ళి, "పోనీ వెళ్ళి కూర్చోరాదూ, పిల్లని చూడలేకపోతున్నాను" అన్నాను.

"మీరూ కూర్చోకండి టీచరమ్మా" అంది. అప్పుడు గాని తెలియలేదు, నేను అందుకే కదలబోతున్నానని.

పదిన్నర అయింది. గంట మోగలేదు. పది ముప్ఫై అయిదయింది. దర్జీ మిషను ఆపి గేటు వైపు తొంగిచూశాడు. పెద్ద టీచరుగారు గదిలోంచి బయటికి వచ్చారు.

"గంట కొట్టలేదేం?"

"ఇంకా కాలేదండి."

"నా వాచీలో అయి అయిదు నిమిషాలైంది."

"నాదాంట్లో కాలేదండి" అంది గంటమ్మ, వాచీ ఉన్న చెయ్యి కొంగు కింద దాచుకుని. ఇరవై రెండేళ్ళలో ఆమె ఆడిన మొదటి అబద్ధం అదే అయ్యుంటుంది, ఆడటం కూడా సరిగ్గా చేతకాలేదు. పెద్ద టీచరుగారు ఆమె ముఖం చూశారు, పెరట్లో కుర్చీ పక్కన నిలబడ్డ పిల్లను చూశారు. తిరిగి లోపలికి వెళ్ళిపోయారు. ఆవిడ మీద నాకున్న పాత కోపాలు కొన్ని ఆ రోజుతో పోయాయి.

పది నలభై మూడుకు అతను వచ్చాడు. బస్సు దిగి పరుగెత్తినట్టున్నాడు, జుట్టులో పిండి, చొక్కా వీపుకు అంటుకుపోయింది. గేటు దగ్గర ఆగి, లోపలికి రావచ్చా అన్నట్టు గంటమ్మను చూశాడు. ఆమె చెయ్యెత్తి పెరడు చూపించింది. పిచ్చుక అరవలేదు, పరుగెత్తలేదు. కుర్చీ కొంచెం అతని వైపు జరిపింది, అంతే. అతను కూర్చున్నాడు, మోకాళ్ళు గడ్డానికి తగిలాయి. నాకు నవ్వు రాలేదు. పిల్ల మొక్క నిటారుగా పట్టుకుంది, తండ్రి గుప్పెడు గుప్పెడు మట్టి పోసి, పిండి పిసికే చేతులతో మెల్లగా అదిమాడు. మొక్కకు నీళ్ళు పోయడం అయ్యాక గంటమ్మ తాడు లాగింది. పదకొండు కావడానికి అయిదు నిమిషాలు.

ఆ పూట పిచ్చుక నాన్నతోనే ఇంటికి వెళ్ళింది. గేటు దాటేటప్పుడు చెయ్యి ఊపుతుందేమోనని గంటమ్మ తన చెయ్యి సగం ఎత్తింది. పిల్ల వెనక్కి చూడలేదు, ఎందుకు చూస్తుంది? గంటమ్మ ఎత్తిన చేత్తో గేటు గొళ్ళెం పెట్టింది.

కుర్చీలు లోపలికి మోస్తూ నన్ను అడిగింది.

"పన్నెండేళ్ళు కూర్చున్నాను టీచరమ్మా. ఎంతమంది కిటికీ దాకా వచ్చి వెళ్ళిపోయుంటారంటారు?"

ఒక్కరూ ఉండరు అన్నాను. నాకే నమ్మకం లేని మాట ఆమె ఎలా నమ్ముతుంది? తల ఊపి, ఇంకో కుర్చీ ఎత్తుకుంది.

ఆ తరవాత ఆమె బళ్ళో మరో మూడు వసంతాలు పనిచేసింది. మళ్ళీ ఏ కుర్చీలోనూ కూర్చోలేదు. ఆ శనివారాల్లో రెండో గంట ప్రతిసారీ ఆలస్యమయ్యేది, ఎవరూ అడిగేవారు కాదు. కొన్నిసార్లు ఎవరో ఒకరు రొప్పుతూ వచ్చేవారు. చాలాసార్లు ఎవరూ వచ్చేవారు కాదు, అలా ఎవరూ రాని పిల్ల పక్కన మా టీచర్లలో ఒకరం మట్టి పోసేవాళ్ళం, కుర్చీలో కూర్చోకుండా, పక్కన నేల మీద చతికిలబడి. గంటమ్మ మాత్రం గేటు దగ్గరే, వీధి వైపు తిరిగి నిలబడేది. లోపలినుంచి పిల్లల నవ్వులు వినిపించినా ఇటు తిరిగేది కాదు.