లచ్చుమక్క సూది ఎందుకు వద్దంది

2021 వేసవి. పావగడ తాలూకాలో సోలార్ పార్కు అంచున ఉన్న ఒక పల్లెకు నేను ఏఎన్ఎంను, అంటే సబ్ సెంటర్ నర్సును. కోవిడ్ టీకా వేయడానికి బడిలో కూర్చుంటే వచ్చేవాళ్లు తక్కువ. మందు సీసాను మేము వైల్ అంటాం. ఒకసారి తెరిస్తే నాలుగు గంటల్లో పదిమందికి వేసేయాలి, మిగిలింది పారేయాలి. పారేసిన ప్రతిసారీ డాక్టరు నన్నే తిట్టేవాడు, రానివాళ్లను కాదు.

రాకపోవడానికి తలా ఒక కారణం. సోలార్ ప్లేట్లు కడిగే ఆడవాళ్లకు జ్వరమొస్తే కూలి పోతుందని భయం. కొత్తగా పెళ్లైనవాళ్లకు పిల్లలు పుట్టరని భయం. ఒక పెద్దాయన నా ముఖం మీదే అడిగాడు: "సూది ఏసుకుంటే మందు తాగకూడదంట గదా నర్సమ్మా. మరి బతికేం చేసేది?" చుట్టూ ఉన్నవాళ్లంతా నవ్వారు. ఇట్లాంటి వాటికి ట్రైనింగులో జవాబులు నేర్పి పంపారు. లచ్చుమక్క మాత్రం కారణమే చెప్పలేదు. నన్ను చూడగానే తలుపు మూసింది.

ఆ ఇంట్లో ఏళ్ల తరబడి నేను మజ్జిగ తాగాను. ఎండన పడి వాళ్లింటికి పోతే "కూచో తల్లీ" అని ఉడకబెట్టిన చెనిక్కాయలు, అంటే వేరుశనగ కాయలు, ముందు పెట్టేది. చేను పార్కుకు లీజుకిచ్చాక చెనిక్కాయలు పోయాయి గానీ ఆ పిలుపు పోలేదు.

2020లో నాకు తాలూకా ఆసుపత్రి కోవిడ్ వార్డులో డ్యూటీ వేశారు. అది ముగించుకుని వస్తే, రోగం తెస్తానని ఊరి దారికి అడ్డంగా ముళ్లకంప వేశారు. వేసినవాళ్లలో లచ్చుమక్క మరిది ఒకడు. నేను అంత సులభంగా మరిచే మనిషిని కాదు. ఊరి పని చేశాను గానీ వాళ్ల గడప తొక్కలేదు. ఆమె భర్త హనుమంతప్ప పోయింది నేను డ్యూటీలో ఉండగా, ఆ వార్డులోనే. శవాన్ని కవర్లో చుట్టి దూరం నుంచే చూపించారు.

మూడోసారి కూడా తలుపు మూస్తుంటే నాకు ఒళ్లు మండింది.

"కంప ఏసింది మీవాళ్లు. మొగం తిప్పుకోవాల్సింది నేను. నువ్వేంది లచ్చుమక్కా, తలుపేస్తావు?"

తలుపు ఆగింది.

"ఏసినారు, నిజమే. తీసినాకన్నా నువ్వు రాకపోతివే? ఆయప్ప కాడ నువ్వు ఉంటివంట. మాకు మొగం గూడా చూపీలేదు. నీళ్లన్నా తాగినాడో, ఏమన్నా అడిగినాడో, నువ్వొచ్చి చెప్తావని దావ చూస్తా ఉంటి. ఇప్పుడు సూది ఎత్తుకొని వస్తివి. నేనేంటికి తలుపు తీయల్ల?"

టీకా డబ్బాను నా వెంట వచ్చిన ఆశా కార్యకర్త చేతికిచ్చి పంపేశాను. లోపలికి పోయి కింద కూర్చున్నాను.

"నీళ్లు తాగినాడక్కా. నేనే తాపినాను. గంజి వద్దన్నాడు. మాస్కు పక్కకు జరిపి ఒకటే మాట అడిగినాడు. 'చేన్లో పదును ఉండాదా నర్సమ్మా, ఇత్తనం ఏసేదానికి?' అన్నాడు."

ఆ చేన్లో అప్పటికే ఏండ్లుగా సోలార్ ప్లేట్లు నిలబడి ఉన్నాయి. లచ్చుమక్క వచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"నువ్వేం చెప్తివి?"

"ఉండాది పెద్దాయనా, నిన్న బాగా వాన పడె అంటి."

"అబద్ధాల నర్సమ్మ," అంది. నవ్వబోయి ఏడ్చింది.

మరుసటి రోజు తనంతట తానే బడికి వచ్చింది. సూది వేశాక ఏమైనా తేడా చేస్తుందేమోనని అరగంట కూర్చోబెడతాం, దాన్ని అబ్జర్వేషన్ అంటాం. నా పక్కనే బెంచీ మీద కూర్చుని, "ఇంగోసారి చెప్పు, ఎట్ల అడిగినాడు?" అంది. చెప్పాను. అరగంట దాటినా లేవలేదు. మళ్లీ చెప్పాను.

నెల మీటింగులో ఈ సంగతి ఎత్తితే డాక్టరు "కతలొద్దు, టార్గెట్ చెప్పు" అన్నాడు. అందరి ముందరా అన్నాడు, అదీ నాకు గుర్తుంది. సూది వద్దన్న ఇంటికి ఇప్పటికీ నేను మొదట ఉత్త చేతులతోనే పోతాను. ఈ ఇంట్లో ఎవరు పోయినారు, కడసారి ఏమడిగినారు అని అడుగుతాను. చాలా ఇండ్లలో నా దగ్గర చెప్పడానికి ఏమీ ఉండదు. వాళ్లకు మాత్రం ఉంటుంది. అది అయ్యేదాకా కూర్చుంటాను.